ఫాక్స్ బాడీ మస్టాంగ్: ముందు భాగంలో 40 కిలోలు తగ్గించి నాలుగు సీజన్లు నడిపాక

1979 నుంచి 1993 దాకా వచ్చిన ఫోర్డ్ ఫాక్స్ బాడీ మస్టాంగ్‌కి వేసిన తేలిక సస్పెన్షన్, తేలిక బ్రేకుల గురించి ఈ సమీక్ష. నాలుగు సీజన్లలో 300కి పైగా డ్రాగ్ రేసు పరుగులు (నిలకడ నుంచి తిన్నగా పావు మైలు) అయ్యాయి. డ్రైవర్‌తో కలిపి 1360 కిలోలు తూగే బండి ఇప్పుడు 1320 తూగుతోంది. తగ్గిందంతా దాదాపు ముందు చక్రాల మీదే. గొట్టాల కె-మెంబర్ (ఇంజన్నీ ముందు సస్పెన్షన్నీ మోసే కింది ఫ్రేము), లోయర్ ఆర్మ్‌లు, కాయిల్ ఓవర్లు (షాకు చుట్టూ స్ప్రింగు ఉండే రకం) కలిసి 17 కిలోలు తగ్గించాయి. డ్రాగ్ బ్రేకులు, అల్యూమినియం హబ్బులతో 10, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే యాంటీ రోల్ బార్ తీసేస్తే 8, పవర్ స్టీరింగ్ పంపు, గొట్టాలు పోయి మాన్యువల్ ర్యాక్ (పంపు సాయం లేని స్టీరింగు) వస్తే 5. సన్న ముందు చక్రాలు ముందే ఉన్నాయి కనుక వాటిని కలపలేదు.

సస్పెన్షన్ భాగాన్ని మళ్లీ కొనమన్నా కొంటాను. బ్రేకుల విషయంలో మాత్రం బండి వాడకం, స్ట్రిప్ (రేసు దారి) చివర ఆగడానికి ఉన్న జాగా చూసుకుని నిర్ణయించాలి.

ముందు బరువు తీస్తే వెనక టైర్ల మీద బరువు పెరుగుతుందని తరచూ వింటాం. పెరగదు. లెక్క వేసి చూడండి. వీల్‌బేస్ 2.55 మీటర్లు, గరిమనాభి ఎత్తు అర మీటరు, లాంచ్ (నిలకడ నుంచి బయల్దేరడం) 1 జీ త్వరణంతో అనుకుందాం. 1360 కిలోల బండిలో 55 శాతం ముందుంటే వెనక నిలకడ బరువు 612 కిలోలు. లాంచ్‌లో వెనక్కి మళ్లేది 266. మొత్తం 878. ముందు నుంచి 40 తీసేశాక వెనక అదే 612, మళ్లేది 258, మొత్తం 870. అంటే టైర్లను నేలకు నొక్కే బరువు 8 కిలోలు తగ్గింది. కానీ అవి లాగాల్సిన బరువు 40 కిలోలు తగ్గింది. వెనక వాటా 64.6 శాతం నుంచి 65.9కి పెరిగింది. లాభమంతా అక్కడే ఉంది. వెనక టైర్ల మీద నిజంగా బరువు పెరగాలంటే బ్యాటరీని డిక్కీలోకి, వెనక ఇరుసు దాటించి మార్చాలి. ఈ పార్టులేవీ కొనకముందే చేయాల్సిన పని అది.

45 కిలోలకు సెకనులో పదో వంతు అనే పాత కొలత ఇక్కడా సుమారుగా సరిపోయింది. అయితే షాకులు, స్ప్రింగులు మళ్లీ సరిచేసుకున్నాకే. పార్టులు బిగించి అలాగే వెళ్లినప్పుడు మొదటి 60 అడుగులు దాటే టైం పాత బండి కంటే ఘోరంగా వచ్చింది. ముందు భాగం తేలికైతే లాంచ్‌లో త్వరగా లేస్తుంది, షాకు పైకొసకి తగిలి ఆగుతుంది, అక్కడి నుంచి చక్రాలను కూడా ఒక్కసారిగా ఎత్తాల్సి వస్తుంది. ఆ కుదుపుకి వెనక టైరు పట్టు వదిలేస్తుంది. రీబౌండ్ (షాకు సాగేటప్పటి నిరోధం) రెండు మూడు క్లిక్కులు బిగించగానే లేవడం నిదానించి సమస్య పోయింది. కంప్రెషన్ (షాకు కుదించుకునేటప్పటి నిరోధం) కూడా కాస్త గట్టిగా ఉంచాలి, లేకపోతే గేరు మారగానే ముక్కు దబ్బున కిందికి దిగుతుంది. ఒకసారికి ఒకటే మార్చండి. పక్క నుంచి తీసిన స్లో మోషన్ వీడియో లేకుండా ఈ పని చేయడం చీకట్లో తడుముకోవడమే.

స్ప్రింగుల దగ్గర ఒక సంగతి గుర్తుంచుకోవాలి. రోటర్లు (బ్రేకు పలకలు), హబ్బులు, చక్రాల బరువు స్ప్రింగు మీద పడదు. అవి ఎంత తేలికైనా బండి ఎత్తు మారదు. స్ప్రింగు మోసే బరువు తగ్గితేనే మారుతుంది. ఒక్కో వైపు 14 కిలోలు, అంటే 31 పౌండ్లు తగ్గితే అంగుళానికి 175 పౌండ్ల స్ప్రింగు మీద బండి నాలుగున్నర మిల్లీమీటర్లు లేస్తుంది. చూపుకి ఆనదు కానీ టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) మారడానికి చాలు.

ఈ బండిలో ఫ్యాక్టరీ స్ప్రింగు లోయర్ ఆర్మ్ మీద కూర్చుంటుంది. గొట్టాల కె-మెంబర్‌కి ఆ గూడు ఉండదు కాబట్టి కాయిల్ ఓవర్ తప్పదు. అప్పుడు బండి ముందు బరువంతా స్ట్రట్ టవర్ పైకొసకి వస్తుంది. ఫ్యాక్టరీ రబ్బరు మౌంటు దానికి పనికిరాదు, బేరింగు ఉన్న క్యాస్టర్-క్యాంబర్ ప్లేట్లు (చక్రం వాలు సరిచేసుకునేవి) వేయాలి. పాత బండైతే ముందే టవర్ లోపలి అతుకుల్లో తుప్పు, పగుళ్లు చూసుకోండి. కె-మెంబర్ బిగించేటప్పుడు ఇంజన్‌ని పైనుంచి అడ్డబార్‌తో వేలాడదీసి, బోల్టులు వదులుగా పెట్టి, వెనక ఫ్రేము రంధ్రాల నుంచి ఐమూలగా రెండు వైపులా కొలవాలి. తేడా 3 మిల్లీమీటర్లు దాటితే రెండు వైపుల వీల్‌బేస్ కలవదు, బండి ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది. అలైన్‌మెంట్‌తో అది పోదు.

మాన్యువల్ ర్యాక్ గురించి చెప్పేది తక్కువ. సన్న టైర్లతో స్టీరింగు బరువనిపించదు. బంప్ స్టీర్ (చక్రం పైకీ కిందికీ కదిలితే టో దానంతటదే మారడం) మాత్రం తప్పకుండా కొలవాలి. స్ప్రింగు తీసేసి, చక్రాన్ని 12 మిల్లీమీటర్ల మెట్లలో 75 దాకా పైకీ కిందికీ జరుపుతూ ప్రతి మెట్టు దగ్గరా టో రాసుకోండి. ముక్కు లేచినప్పుడు చక్రాలు బయటికి తిరిగితే లాంచ్ అయ్యాక బండి అటూ ఇటూ ఊగుతుంది. టై రాడ్ చివర వాషర్లు మార్చి సరిచేయాలి. నిలకడలో టో లోపలికి మిల్లీమీటరున్నర, క్యాస్టర్ 4 డిగ్రీలకు తగ్గకుండా పెడితే స్ట్రిప్ చివర చేతులు ప్రశాంతంగా ఉంటాయి.

క్రోమోలీ అంటే తేలిక లోహం అనుకునేవాళ్లు చాలామంది. 4130 అనే ఈ క్రోమోలీ ఉక్కు సాంద్రత మామూలు ఉక్కుదే. బలం ఎక్కువ కనుక గొట్టం గోడ పలచగా వాడగలుగుతారు, బరువు అక్కడే తగ్గుతుంది. పలచని గోడ దెబ్బకి ఓర్చుకోదు. రెండో సీజన్ చివర ఎడమ లోయర్ ఆర్మ్ మీద, బ్రాకెట్ వెల్డు అంచునే, వెంట్రుకంత సన్నని గోధుమ రంగు గీత కనిపించింది. బట్టతో తుడిస్తే పోయింది, రెండు పరుగుల తర్వాత మళ్లీ వచ్చింది. పగులు లోంచి ఊరే తుప్పు అది. వీలీ (ముందు చక్రాలు గాలిలోకి లేవడం) నుంచి ముక్కు గట్టిగా నేలకి దిగినప్పుడల్లా దెబ్బ వెల్డు పక్కన, గట్టి బ్రాకెట్ ముగిసి పలచని గొట్టం మొదలయ్యే చోటే పడుతుంది. అలాంటి ఆర్మ్‌ని మళ్లీ వెల్డు చేయించకండి, మార్చేయండి. మందపాటి పౌడర్ కోటింగ్ ఈ గీతల్ని దాచేస్తుంది. లేత బూడిద రంగు పెయింటు పలచగా వేస్తే తొందరగా బయటపడతాయి.

ఇక బ్రేకులు. తిరిగే బరువు తగ్గించడం రెట్టింపు లాభమనే మాట రోటర్లకి వర్తించదు. టైరు అంచున ఉన్న కిలో, బండిని ముందుకు తోయడంలో దాదాపు రెండు కిలోల్లా పనిచేస్తుంది. రోటర్ చిన్న వ్యాసంలో తిరుగుతుంది కనుక అక్కడి కిలో 1.1 కిలోలకి మించి లెక్కకు రాదు. తిరిగే బరువే మీ బాధ అయితే డబ్బు ముందు చక్రాలు, టైర్ల మీద పెట్టండి.

ఈ సెట్టులో రోటర్ 273 మిల్లీమీటర్ల వ్యాసం, దాదాపు 9 మిల్లీమీటర్ల మందం, మధ్యలో గాలి దారి లేని పలక. బరువు రెండున్నర కిలోలు. 200 కిలోమీటర్ల వేగంలో ఉన్న 1320 కిలోల బండిని ఆపితే 20 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారాలి. అందులో 65 శాతం ముందు బ్రేకులు తీసుకుంటే ఒక్కో రోటర్‌కి 6.6 లక్షలు. గాలికి పోయేది వదిలేస్తే రెండున్నర కిలోల ఉక్కు 570 డిగ్రీలు వేడెక్కుతుంది. ఐదు కిలోల రోటర్ అయితే అందులో సగమే. 100 దగ్గర బ్రేకు వేస్తే శక్తి నాలుగో వంతు. అందుకే దారి పొడవున్న స్ట్రిప్‌లో గాలికి వేగం తగ్గనిచ్చి తర్వాత తొక్కడం ఈ బ్రేకులకి ప్రాణం. ఒకసారి గట్టిగా ఆపడానికి దిగులు లేదు. చల్లారకుండా వెంటవెంటనే రెండోసారి గట్టిగా తొక్కితే ప్యాడు మెరుగుపట్టి జారుతుంది, రోటర్ మీద నీలి మచ్చలు తేలతాయి. రోడ్డు మీద తిప్పే బండికి ఈ సెట్టు వద్దని గట్టిగా చెబుతాను. గంటకు 150 మైళ్ల వేగం దాటే బండికి అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధన ప్రకారం పారాషూట్ ఎలాగూ ఉండాలి. ఈ బ్రేకులు వేసినవాళ్లు ఆ వేగానికి కాస్త ముందే దాన్ని అమర్చుకోవడం మంచిది.

పవర్ బూస్టర్ తీసేసి మాన్యువల్‌కి మారితే మాస్టర్ సిలిండర్ కొలత చాలా ముఖ్యం. 6:1 పెడల్ మీద 70 పౌండ్లు తొక్కితే, ఒక అంగుళం బోరులో 535 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వస్తుంది, అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల (7/8) బోరులో 700. మొదటిదానితో పెడల్ చెక్కలా గట్టిగా ఉంటుంది, బండి మాత్రం ఆగదు. చిన్న బోరు వేశాకే ఈ బ్రేకులు పనిచేశాయి. మాస్టర్ కాలిపర్ కంటే పైన ఉన్న ఈ బండిలో రెసిడ్యువల్ వాల్వు (లైన్లో కాస్త పీడనం నిలిపి ఉంచేది) అక్కర్లేదు. పొరపాటున డ్రమ్ముల కోసం చేసిన 10 పీఎస్ఐ వాల్వు డిస్కు లైన్లో పెడితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ, తగ్గించిన బరువు లాభాన్ని తినేస్తాయి.

విసిగించేది మొదటిసారి తొక్కే పెడల్. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హబ్బు వేడెక్కితే బేరింగు రేసు వదులై చక్రంలో ప్లే (ఊగులాట) వస్తుంది, రోటర్ పిస్టన్లను వెనక్కి నెడుతుంది. తర్వాత తొక్కితే పెడల్ సగం దాకా ఖాళీగా దిగుతుంది. ఫినిష్ గీత దాటగానే ఎడమ కాలితో ఒకసారి మెల్లగా తొక్కి చూసుకోవడం ఇప్పుడు అలవాటు. ప్రతి 20 పరుగులకి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి, రోటర్ వంకర డయల్ గేజి మీద 0.13 మిల్లీమీటర్లు దాటకూడదు. రోటర్ బోల్టులకి సేఫ్టీ వైరు తప్పనిసరి. చక్రం నట్టు స్టడ్ వ్యాసమంతైనా మర పట్టాలి. కొత్త హబ్బుకి పాత చక్రం పెట్టినప్పుడు స్టడ్ పొట్టిదవుతుంది, పెద్ద స్టడ్లు కిట్టుతోనే తెప్పించుకోండి. బేరింగులూ సీళ్లూ ఒక జత టూల్ బాక్సులో ఉంచండి, అవి పోయేది ఎక్కువగా రెండో రౌండు తర్వాతే.