స్వయంప్రతిపత్తి కళాశాలా, అనుబంధ కళాశాలా: ఎక్కడి మార్కులను నమ్మవచ్చు?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో భీమవరం, అమలాపురం ప్రాంతాల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. రెండు చోట్లా పట్టా ఇచ్చేది కాకినాడ జేఎన్‌టీయూ అనే సాంకేతిక విశ్వవిద్యాలయమే. ప్రశ్నపత్రం ఎవరు కూరుస్తారు, జవాబుపత్రం ఎవరు దిద్దుతారు అన్నదే ముఖ్యమైన తేడా: అనుబంధ కళాశాలలో ఆ పని విశ్వవిద్యాలయానిది, స్వయంప్రతిపత్తి ఉన్నచోట కళాశాలదే.

మార్కులు: అనుబంధ కళాశాలలో థియరీ సబ్జెక్టుకు 100లో 30 అంతర్గత మార్కులు, 70 విశ్వవిద్యాలయ పరీక్షవి. స్వయంప్రతిపత్తి ఉన్నచోట పాఠం చెప్పే సంస్థే పరీక్ష మొత్తం నడుపుతుంది కనుక, ఉదారంగా మార్కులు వేసే అవకాశమూ, ఒత్తిడీ ఎక్కువ.

సిలబస్: స్వయంప్రతిపత్తిలో కొత్త పాఠ్యాంశాలు త్వరగా చేరగలవు, ఇది నిజమైన మేలు.

రుసుము: హోదాను కాక కళాశాలను బట్టి మారుతుంది.

ప్రమాదం: మా వీధిలోని కుర్రవాడు పదికి తొమ్మిది దాటిన సీజీపీఏతో (మొత్తం చదువు సగటు గ్రేడుతో) ఉద్యోగ ఇంటర్వ్యూకు వెళ్లి, అంకెలను వరుసలో పెట్టే పది పంక్తుల ప్రోగ్రాం బోర్డు మీద రాయలేక, మార్కరు పట్టుకుని నిలబడిపోయాడు. నీకు ఇది రాదని నాలుగేళ్లలో ఏ మార్కుల పత్రమూ అతనికి చెప్పలేదు, అదే నన్ను ఎక్కువగా బాధించింది.

గేట్ (ఎం.టెక్ ప్రవేశాలకు జాతీయ పరీక్ష) రాయదలచినవారికి, తమ స్థాయి బయటివారి చేత తేల్చుకోవాలనుకునేవారికి అనుబంధ కళాశాల నయం. సొంతంగా సాధన చేసే అలవాటుండి, కొత్త సబ్జెక్టులు కోరేవారు స్వయంప్రతిపత్తి కళాశాలను ఎంచుకోవచ్చు, అయితే చేరేముందు అక్కడి పాత ప్రశ్నపత్రాలు రెండైనా తెప్పించుకుని చూడాలి.