లెన్స్ మూత పోకుండా నేను వాడినవి: తాడు, సిలికాన్, మాగ్నెట్, స్ట్రాప్ హోల్డర్

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకి బ్యాటరీ టెన్షన్ ఒకటి, కార్డు టెన్షన్ ఒకటి, వాటి తర్వాత ఎవరూ పెద్దగా మాట్లాడని టెన్షన్ లెన్స్ ముందు మూత. నేను ఉండేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. అటు పాతపట్నం, ఇటు కాశీనగర్, గుణుపురం దాకా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తుంటాను, మూఢం రోజుల్లో పని ఉండదు కాబట్టి మహేంద్రగిరి కొండ, గోపాల్‌పూర్ బీచ్, కృష్ణజింకలుండే భేట్నోయి వైపు పోతుంటాను. ఇన్నేళ్లలో మూత పోకుండా కాపాడతామని అమ్మే సామాన్లు దాదాపు అన్నీ కొని, ఒక్కోటీ సీజన్ మీద సీజన్ వాడి చూశాను. మూతే కదా అనుకుంటారు గానీ, 77 ఎంఎం సైజు కంపెనీ మూత మా ఊళ్లో దొరకడం కష్టం, బరంపురం పోవాలి, లేదంటే ఆన్‌లైన్లో పెట్టి ఎదురుచూడాలి, ఆ మధ్యలో మూడు ముహూర్తాలు వచ్చేస్తాయి, లెన్స్ మీద జేబురుమాలు కప్పుకుని తిరగాలి.

ముందే చెప్పేస్తాను. పెళ్లి పనిలో నా దగ్గర ఇప్పటికీ వాడకంలో మిగిలింది స్ట్రాప్‌కి ఎక్కించే ప్లాస్టిక్ హోల్డర్ ఒక్కటే. అది కూడా కెమెరా స్ట్రాప్‌కి ఎక్కిస్తే దండగ, భుజాన వేసుకునే బ్యాగ్ స్ట్రాప్‌కి ఎక్కించాలి. ఎందుకో కింద చెప్తాను.

మొదట తాడు సంగతి. అందరికీ తెలిసిందే, లెన్స్ చుట్టూ ఒక ఎలాస్టిక్ పట్టీ, దానికో సన్నటి తాడు, తాడు చివర గుండ్రటి స్టిక్కర్, దాన్ని మూత మీద అంటించాలి. వంద రూపాయలు కూడా ఉండదు, కొత్తగా కెమెరా కొన్నవాళ్లకి షాపువాళ్లు ఫ్రీగా కూడా ఇచ్చేస్తారు. దీనికి నిజంగా ఒక మంచి గుణం ఉంది, ఏ లెన్స్ మూత ఆ లెన్స్‌తోనే ఉంటుంది కాబట్టి కలిసిపోవు. అంతవరకే. జీలకర్ర బెల్లం పెట్టే టైంలో మనిషికీ మనిషికీ మధ్య సందులోంచి వంగి తీస్తుంటే ఆ మూత ఊగి పురోహితుడి మోచేతికి తగులుతుంది. నిలువు ఫ్రేమ్ పట్టుకుంటే చేతికీ జూమ్ రింగ్‌కీ మధ్యకి వచ్చి పడుతుంది. వీడియో తీసేవాళ్లకైతే ఇది పూర్తిగా పనికిరాదు, కెమెరా మీద మైక్ ఉంటే మూత లెన్స్ గొట్టానికి తగిలే టిక్కుటిక్కు శబ్దం మంత్రాలతో పాటు రికార్డ్ అవుతుంది, గింబల్ (కెమెరా వణకకుండా పట్టే స్టాండు) మీద పెడితే బ్యాలెన్స్ పోతుంది. కాశీనగర్‌లో ఒక పెళ్లిలో పెళ్లికూతురి నాయనమ్మ గారు ఫొటోకి కూర్చోకుండా ఆపి మరీ అడిగారు, "ఏటి బాబూ, ఆ కెమెరాకి ఏటది వేలాడతంది, ఊడిపోతందేటో సూసుకో" అని.

స్టిక్కర్ గురించి ఇంకో మాట. మూత పైన గరుకుగా గీతలు గీతలుగా ఉంటుంది, కంపెనీ పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని మీద జిగురు పూర్తిగా కూర్చోదు. స్పిరిట్‌తో తుడిచి అంటిస్తే కొంచెం ఎక్కువ కాలం ఉంటుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డ్ మీద కెమెరా వదిలారంటే ఆ జిగురు మెత్తబడి స్టిక్కర్ జారిపోతుంది, వర్షాకాలం చెమ్మకి అంచులు లేస్తాయి. తాడు భద్రంగా లెన్స్‌కే ఉంటుంది, మూత మాత్రం ఉండదు. ఇంకా 50 ఎంఎం లాంటి పొట్టి లెన్సులకి ఆ ఎలాస్టిక్ పట్టీ వేయడానికి చోటే ఉండదు, వేస్తే ఫోకస్ రింగ్ మీదకే వస్తుంది.

మహేంద్రగిరి మీద ఇది ఇంకా అధ్వానం. 1501 మీటర్ల ఎత్తు, పైన భీముడి గుడి దగ్గర నిలబడితే గాలి మనిషినే తోస్తుంది, తాడుకి కట్టిన మూత తిరిగి తిరిగి లెన్స్ అద్దం ముందుకే వస్తుంది. ట్రైపాడ్ మీద నిదానంగా షటర్ తెరిచి మబ్బులు తీద్దామంటే ఆ ఊపుకి కెమెరా కూడా సన్నగా వణుకుతుంది. అక్కడ నేను తాడు కోసి పారేశాను, ఆ తర్వాత మళ్లీ కొనలేదు, ఒక్క పెద్ద టెలి లెన్స్‌కి (దూరంగా ఉన్నవి తీసేది) తప్ప. దాని సంగతి తర్వాత.

జేబులో వేసుకుంటే చాలదా అంటారు. చాలదు. ప్యాంటు జేబులో నూలుపోగులు, పెళ్లిలో అయితే అక్షింతల బియ్యం, పసుపు, ఇవన్నీ మూత లోపలి వైపుకి అంటుకుంటాయి, మళ్లీ బిగించినప్పుడు తిన్నగా అద్దం మీదకి చేరతాయి. గోపాల్‌పూర్‌లో ఇసుక జేబైతే చెప్పనే అక్కర్లేదు, ఇసుక రేణువు ఉన్న అద్దాన్ని గుడ్డతో తుడిస్తే కోటింగ్ మీద గీతే, ముందు బ్లోయర్‌తో ఊది తర్వాతే గుడ్డ పెట్టాలి. పైగా జేబులు ఎన్ని ఉంటాయి మనకి? నా దగ్గర పనిచేసే కుర్రాడు పెళ్లి అయ్యాక సామాను సర్దేటప్పుడు రోజూ అడిగే మాట ఇదే, "అన్నా, మూత ఏ జేబులో ఏసినావు?"

సిలికాన్‌తో చేసిన సాగే మూతలు కూడా వాడాను, ఏ సైజు లెన్స్‌కైనా ఒకటే లాగి తొడిగేయొచ్చు అని అమ్ముతారు. బ్యాగ్‌లో పెట్టేటప్పుడు బాగుంటాయి, నీళ్లు చిందినా లోపలికి పోవు. కానీ తొడగడానికి రెండు చేతులూ కావాలి, దుమ్మును తెగ పట్టేస్తాయి. పనిలో ఉన్నప్పుడు పనికిరావు, ప్రయాణంలో బాగా పనికొస్తాయి. ఇంతకన్నా చెప్పడానికి ఏం లేదు.

మాగ్నెట్ మూతలు వేరే కథ. ముందు మాగ్నెట్ పట్టే ఒక రింగ్ లెన్స్ ముందు ఫిల్టర్ బిగించే మరలో బిగించాలి, మూత దానికి టప్పున అతుక్కుంటుంది. చేతికి చాలా హాయి, చీకట్లో కూడా చూడకుండా పెట్టేయొచ్చు, హుడ్ (పక్క వెలుతురు పడకుండా లెన్స్ ముందు తగిలించే గొట్టం) లోపల కూడా వేలితో జార్చి తీయొచ్చు. తీసిన మూత పెట్టుకోవడానికి ఇంకో మాగ్నెట్ ముక్క బ్యాగ్‌కి తగిలించుకుంటే ఇంకా సుఖం. కానీ పెళ్లి గుంపులో పక్కవాళ్ల చేయి రాసుకుంటే చాలు, పక్కకి జారి ఊడి వస్తుంది, బ్యాగ్‌లో ఇతర సామాను తగిలినా అంతే. ధర కూడా ఎక్కువ. ఒక్క లెన్స్‌తో తీరిగ్గా తిరిగి ఫొటోలు తీసుకునేవాళ్లకి మాత్రం నేను ఇదే చెప్తాను.

ఇప్పుడు స్ట్రాప్ హోల్డర్. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్ల, వెనక స్ట్రాప్ దూర్చడానికి సందు, ముందు లెన్స్ అంచు లాంటి అంచు, మూతని లెన్స్‌కి బిగించినట్టే నొక్కి దీనికి బిగించేయడం. ఒకే సైజువి వస్తాయి, మెట్లుమెట్లుగా మూడు సైజుల అంచులున్నవీ వస్తాయి. మూడు సైజులవి తీసుకోండి. అందరూ దీన్ని కెమెరా స్ట్రాప్‌కి ఎక్కిస్తారు, ఎక్కించాక నచ్చలేదని తీసేస్తారు. కెమెరా మెడలో ఉన్నప్పుడు అది ఛాతీకి గుచ్చుకుంటుంది, స్ట్రాప్ చేతికి చుట్టుకుంటే మణికట్టు దగ్గరకి వస్తుంది, రెండు కెమెరాలు వేసుకుంటే ఏ మూత ఎటుందో తెలీదు. అదే బ్యాగ్ స్ట్రాప్‌కి ఎక్కిస్తే ఎప్పుడూ ఎడమ ఛాతీ దగ్గర అదే చోట ఉంటుంది. కెమెరా మారినా, లెన్స్ మారినా చోటు మారదు. నాలుగు పెళ్లిళ్లు తిరిగేసరికి చెయ్యి దానంతట అదే అక్కడికి పోవడం మొదలుపెడుతుంది, మూత గురించి ఆలోచించాల్సిన పనే ఉండదు, నాకు కావాల్సింది అదే. మూత లోపలి వైపు కూడా హోల్డర్‌లోకి మూసుకుని ఉంటుంది కాబట్టి శుభ్రంగా ఉంటుంది.

లోపాలు లేకపోలేదు. మందంగా, వెడల్పుగా దూది కుట్టిన స్ట్రాప్‌కి ఇది ఎక్కదు, సన్నటి నైలాన్ పట్టీ ఉన్న బ్యాగే కావాలి. చాలా కాలం వాడితే హోల్డర్ అంచు అరిగి పట్టు తగ్గుతుంది. మూత పక్కన నొక్కే చెవుల వెనక చిన్న స్ప్రింగులు ఉంటాయి, సముద్రపు గాలికి అవి తుప్పు పట్టి బిగుసుకుంటాయి, అప్పుడు మూత ఇటు లెన్స్‌కీ అటు హోల్డర్‌కీ సరిగా కూర్చోదు. బరాత్‌లో బ్యాండు ముందు డ్యాన్స్ చేసేవాళ్ల మధ్య దూరినప్పుడు హోల్డర్‌ని చంక వైపు జరుపుకుంటాను, లేకపోతే రాసుకుని ఊడుతుంది.

సైజుల దగ్గర చాలామంది తికమక పడతారు, మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు "50 లెన్స్‌కి 50 మూత ఇవ్వండి" అని అడుగుతారు. లెన్స్ పేరులో ఉండే ఎంఎం వేరు, ముందు మర సైజు వేరు. కెనాన్ ఈఎఫ్ 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎంకి 49 మూత కావాలి, దానికి ముందు వచ్చిన పాత మోడల్‌కి 52, నికాన్ 50 ఎంఎం 1.8 జీ కి 58. లెన్స్ ముందు అంచు మీద గానీ, గొట్టం మీద గానీ సున్నాకి అడ్డగీత కొట్టిన గుర్తు పక్కన రాసి ఉండే అంకె చూడాలి. మూత లోపలి వైపు కూడా చాలా కంపెనీలు సైజు వేస్తాయి.

మూత కొంటే మధ్యలో నొక్కేదే కొనండి. అంచుల్లో మాత్రమే నొక్కే పాత రకం మూత హుడ్ తగిలించి ఉన్నప్పుడు తీయడం నరకం, వేళ్లు లోపలికి పోవు, పోతే అద్దానికి తగులుతాయి. కెనాన్ కూడా చాలా కాలం అంచులో నొక్కేవే ఇచ్చి తర్వాత మధ్యలో నొక్కేవాటికి మారింది. సైజు సరిపోతే ఏ కంపెనీ మూతైనా ఏ లెన్స్‌కైనా పడుతుంది, పేరు పట్టింపు అక్కర్లేదు. (మా పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు, దువ్వెనల దగ్గర్నుంచి పక్షి బొమ్మల దాకా కొమ్ముతో చేస్తారు, కొమ్ముతో ఒక మూత చేయించుకుంటే ఎవడూ మర్చిపోడు కదా అని మా బావ ఎగతాళి చేస్తుంటాడు. స్ప్రింగ్ ఎవరు పెడతారు బావా అంటే జవాబు లేదు.)

మూతలు తారుమారు కాకుండా ఇంకో దారి, చిన్న లెన్సులన్నిటికీ స్టెప్-అప్ రింగులు (చిన్న మరని పెద్ద సైజుకి మార్చేవి) బిగించి అన్నిటినీ 77 చేసేయడం. 58 నుంచి 77 కి, 67 నుంచి 77 కి రింగులు దొరుకుతాయి. అప్పుడు ఒకటే సైజు మూత, ఒకటే హోల్డర్, ఫిల్టర్ కూడా ఒకటే కొంటే చాలు. మంచి పద్ధతే, ఒక సీజన్ అంతా అలాగే చేశాను. కాకపోతే రింగ్ వెడల్పు ఎక్కువ కాబట్టి లెన్స్‌తో వచ్చిన హుడ్ ఎక్కదు, పెళ్లి మంటపంలో సీరియల్ బల్బుల మధ్య హుడ్ లేకుండా నేను తీయలేను. అందుకే ఇప్పుడు ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే నల్ల అద్దం) వాడే ల్యాండ్‌స్కేప్ లెన్స్‌కి మాత్రమే రింగ్ ఉంచాను. కొనేవాళ్లు ఇత్తడి రింగు కొనండి, అల్యూమినియంవి మరలో బిగుసుకుపోతాయి. బిగుసుకుంటే గట్టిగా పిండకండి, పిండితే రింగ్ వంకరపోయి ఇంకా బిగుస్తుంది, చుట్టూ రబ్బర్‌బ్యాండ్ వేసి చేతివేళ్లన్నీ సమానంగా ఆనించి తిప్పితే వస్తుంది.

అసలు పెళ్లి జరుగుతున్నంతసేపూ మూత పెట్టడం ఎందుకు అని అడిగేవాళ్లున్నారు, సగం నిజమే. తలంబ్రాలు అయ్యేదాకా నేను మూత హోల్డర్‌లోనే ఉంచేస్తాను, లెన్స్‌కి కాపలా హుడ్డే. తలంబ్రాల టైంలో మాత్రం క్లియర్ ఫిల్టర్ బిగిస్తాను, బియ్యం తగిలేది అక్కడే. రాత్రి లైట్లలో ఫిల్టర్ తీసేయాలి, లేదంటే ప్రతి బల్బుకీ ఫ్రేమ్‌లో ఎదురుగా ఇంకో దయ్యం బల్బు కనిపిస్తుంది. పగలు ఎండలో మాత్రం మూత తప్పనిసరి, ముఖ్యంగా టెలి లెన్స్ ట్రైపాడ్ మీద సూర్యుడి వైపు వదిలేసి పక్కకి వెళ్తే భూతద్దం పట్టినట్టే, లోపల షటర్ గానీ సెన్సర్ గానీ కాలిపోవచ్చు. మిర్రర్‌లెస్ కెమెరాల్లో సెన్సర్ ముందు అద్దం అడ్డం ఉండదు కాబట్టి ఇంకా జాగ్రత్త.

పెద్ద టెలి సంగతి అన్నాను కదా. భేట్నోయిలో కృష్ణజింకలు పొలాల్లోనే తిరుగుతాయి, ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటారు, జింకలు ఉంటే వానలు పడతాయని వాళ్ల నమ్మకం. గట్టు మీద కూర్చుని ఎంతసేపైనా ఆగాలి, పక్కన దుమ్ము, పైన ఎండ. 150-600 రకం లెన్సుల్లో చాలావాటి ముందు మర 95, ఆ సైజుకి స్ట్రాప్ హోల్డర్ నాకు ఎక్కడా దొరకలేదు, మూత అంత పెద్దదాన్ని ఛాతీకి తగిలించుకుని తిరగడం కూడా కష్టమే. ఇక్కడ మాత్రం తాడు పనికొస్తుంది, లెన్స్ ట్రైపాడ్ మీద కదలకుండా ఉంటుంది, చేతిలో ఊగే గొడవ లేదు, స్టిక్కర్ బదులు మూత చెవి పక్కన సన్నటి రంధ్రం చేసి దారం కట్టుకున్నాను. అంతకన్నా పెద్ద లెన్సులకి కంపెనీలే మొత్తం ముందు భాగానికి తొడిగే గుడ్డ కవర్ లాంటిది ఇస్తాయి.

వెనక మూతల గురించి ఒక్క మాట, ఎవరూ చెప్పరు కాబట్టి. లెన్స్ మార్చేటప్పుడు వెనక మూత ఎడమ చేతిలోనే ఉంచి, తీసిన లెన్స్‌కి వెంటనే అదే బిగించేయాలి. కెమెరా బాడీ మూత, లెన్స్ వెనక మూత రెండూ ఒకదానికొకటి బిగుసుకుంటాయి, అలా జత కట్టి బ్యాగ్‌లో వేస్తే రెండిట్లోకీ దుమ్ము చేరదు.

పెళ్లిలో మనం ఒక్కళ్లమే ఉండం. మగపెళ్లివారు బరంపురం నుంచో ఛత్రపురం నుంచో వాళ్ల ఒడియా టీమ్‌ని తెచ్చుకుంటారు, వాళ్లవీ అదే కంపెనీ, అదే 77. స్టేజ్ కింద దొరికిన మూత పట్టుకుని "భాయినా, ఇది మీదా?" అని అడుక్కోవడం మామూలే. అందుకని పెయింట్ మార్కర్‌తో మూత మీద నా గుర్తు, లోపల సైజు రాసుకున్నాను. రాసిన దగ్గర్నుంచి తారుమారు తగ్గింది.

కొనాలనుకునేవాళ్లు ముందు తమ దగ్గర ఎక్కువ వాడే రెండు లెన్సుల మర సైజులు చూసుకుని ఆ రెండూ ఉన్న హోల్డర్ ఒకటి తీసుకోండి, మూడు వందల లోపే దొరుకుతుంది, అదే సైజులో ఊరూపేరూ లేని కంపెనీ మూతలు రెండు అదనంగా బ్యాగ్ అడుగున వేసుకోండి. 82 సైజు లెన్స్ ఉన్నవాళ్లకి హోల్డర్ కొంచెం వెతికితే గానీ దొరకదు. నేనైతే దానికోసం మా వీధి టైలర్ చేత బ్యాగ్ స్ట్రాప్ మీద వెల్వెట్ గుడ్డతో చిన్న సంచి కుట్టించుకున్నాను, మూతి మీద వెల్‌క్రో పట్టీ, లోపల దుమ్ము చేరితే తిరగేసి దులపొచ్చు.