చిన్న అల్లికలకు ఏది మేలు: రాట్నం నూలా, మిల్లు నూలా, ఊలా?

నెల్లూరులోనో ఒంగోలులోనో దుకాణంలో ఊలు ఉండ అడిగితే చేతికొచ్చేది చాలావరకు యాక్రిలిక్ అనే కృత్రిమ నూలే. ఇక్కడి గొర్రెల నుంచి ఉన్ని తీసి వడకడం కుదరదు. జోడిపి, పల్ల, డోర ఏ రకమైనా నెల్లూరు గొర్రె ఒంటి మీద ఉండేవి పొట్టి వెంట్రుకలే. అందుకే ఈ వైపు ఇంట్లో వడికిన నూలంటే పత్తి నూలే. అల్లేవాళ్లు తేల్చుకోవాల్సింది రాట్నం పత్తి, మిల్లు పత్తి, యాక్రిలిక్ ఈ మూడింటి మధ్యే.

మసిగుడ్డ, ఒళ్లు రుద్దుకునే గుడ్డ, గ్లాసు కింద పెట్టే చాప లాంటి చదునైన వాటికి రాట్నం నూలే మేలు. తలకో మణికట్టుకో అంటిపెట్టుకుని ఉండాల్సిన వాటికి అది తగదు.

చిక్కంతా నూలు సన్నదనంలో ఉంది. పెన్న ఒడ్డున పల్లిపాడులో గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించిన పినాకిని సత్యాగ్రహాశ్రమం కాలం నుంచీ రాట్నం తిరిగింది మగ్గం కోసం, సూదుల కోసం కాదు. నూలు నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుంది. 20 నంబరు నూలు గ్రాముకు దాదాపు 34 మీటర్లు వస్తుంది. ఆ ఒంటి పోగుతో అల్లితే దోమతెరే తయారవుతుంది. కనీసం 12 పోగులు కలపాలి. ఊరికే పక్కపక్కన పట్టుకుని అల్లితే సూది మొన నాలుగు పోగుల్ని పట్టి ఎనిమిదింటిని వదిలేస్తుంది, కాబట్టి పేనక తప్పదు.

ఈ 20 నంబరు నూలులో వెయ్యి మీటర్ల చిలప (నూలు చుట్ట) ఒకటి తీసుకోండి. బరువు 30 గ్రాములకు కాస్త తక్కువ ఉంటుంది. చిన్న త్రాసులో తూచి నాలుగు ఉండలు చేయండి. నాలుగు పోగుల్నీ కలిపి, వడికేటప్పుడు కదురు తిరిగిన దిక్కుకు ఎదురుగా గట్టిగా పురి పెట్టండి. వచ్చిన నూలును మూడు ఉండలు చేసి, ఆ మూడింటినీ ఈసారి మొదటి దిక్కులోనే పేనండి. పురిలో పోయేది పోగా 75 మీటర్లకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. రాట్నం నూలులో సన్నగా పోయిన చోట్లు తప్పవు గానీ, పన్నెండు పోగులు కలిశాక ఒకదాని లోటును ఇంకొకటి కప్పేస్తుంది. ఇంత శ్రమకూ దక్కే ఫలం ఇదే.

తర్వాత ఉడకబెట్టడం. చిలపను నాలుగు చోట్ల వదులుగా కట్టి, లీటరు నీళ్లలో చెంచాడు చాకలి సోడా వేసి ముప్పావు గంట మరగనివ్వండి. పత్తిలో సహజంగా ఉండే మైనం దిగి నీళ్లు టీ రంగుకు వస్తాయి. ఉడకని నూలు నీళ్ల మీద తేలుతుంది, బాగా ఉడికింది మునుగుతుంది. ఈ పని ఎగ్గొడితే మసిగుడ్డ నీళ్లు పీల్చదు, మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది.

గుడ్డ కోసం 10 నంబరు సూదులు, అంటే 3.25 మిల్లీమీటర్లవి, సరిపోతాయి. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వచ్చే చేతికి 20 సెంటీమీటర్ల గుడ్డకు 44 కుట్లు ఎక్కించాలి. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ నిట్ కుట్టే (మామూలు సూది కుట్టు) వేస్తూ 88 వరసలు అల్లితే నలుచదరం వస్తుంది. నూలు సుమారు 60 మీటర్లు పడుతుంది. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ (నిట్‌కు తిరగేసిన కుట్టు) వేసే నున్నటి అల్లిక మాత్రం వద్దు. పేనడంలో పురి ఏ మాత్రం మిగిలినా ఆ అల్లికలో గుడ్డ పక్కకు వాలి గాలిపటంలా తయారవుతుంది, ఇస్త్రీ చేసినా నిలవదు. ముందే చూసుకోవడానికి మూరెడు నూలును మధ్యకు మడిచి వేలాడదీయండి. దానంతట అది మెలి తిరిగితే పురి ఇంకా సరితూగలేదన్నమాట.

పసిపిల్ల టోపీకి మిల్లు నూలే తీసుకోండి. పత్తికి సాగే గుణం ఉంది గానీ తిరిగి ముడుచుకునే గుణం తక్కువ. రెండు నిట్, రెండు పర్ల్ అంచు వేసినా నాలుగు రోజులకు వదులైపోతుంది. అందుకే తల చుట్టుకొలత 35 సెంటీమీటర్లయితే 32కే లెక్క కట్టాలి. పైన చెప్పిన చేతివాటానికి అది 72 కుట్లు. పన్నెండు పోగులు కలిపినా రాట్నం నూలు మందంలో కొంత తేడా మిగులుతుంది, అందుకే ఈ లెక్క అంతగా కుదరదు, మిల్లు నూలులో కచ్చితంగా కుదురుతుంది. కళ్లజోడు సంచి, ఫోను సంచి కూడా ఇందులోనే అల్లండి. భుజానికి వేసుకునే పట్టీని మాత్రం అల్లకుండా జడలా పేనండి, అల్లిన పట్టీ బరువుకు మోకాళ్ల దాకా సాగుతుంది.

యాక్రిలిక్ చవక, రంగులు బోలెడు, అంచు బిగువుగా పట్టి ఉంటుంది. బొమ్మలకూ తాళంచెవి గుత్తులకూ అది చాలు. మన ఉక్కపోతకు చెమట పట్టీగా పనికిరాదు, చెమట పీల్చదు. మసిగుడ్డగా అసలే వద్దు, వేడి గిన్నె తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. పత్తి మసిగుడ్డనైనా తడిగా ఉన్నప్పుడు పొయ్యి దగ్గర వాడకండి, తడి గుండా వేడి చప్పున చేతికి తగులుతుంది.

ఇంట్లోనే వడికేవాళ్లు కాలం చూసుకోవాలి. రోహిణి కార్తెలో పడమటి గాలి కొట్టే మధ్యాహ్నాలు ఏకులు (వడకడానికి చుట్టిన పత్తి) పొడిబారి పోగు మాటిమాటికీ తెగుతుంది. పొద్దున ఎనిమిదిలోపో, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాకో కూర్చుంటే అదే ఏకు సాఫీగా సాగుతుంది.