టిప్‌టాప్ హ్యాపీ ఎండింగ్ కిట్: పెట్టె మాత్రం మీరే కట్టుకోవాలి

టిప్‌టాప్ ఆడియో వాళ్ల హ్యాపీ ఎండింగ్ కిట్‌ని యూరోర్యాక్ కేసు (విడివిడి మాడ్యూళ్లు కలిపి కట్టుకునే సింథసైజర్‌కి పెట్టె) అనుకుని కొనేవాళ్లున్నారు. అది కేసు కాదు, కేసు లోపలి ఎముకలగూడు. 84 హెచ్‌పీ (మాడ్యూళ్ల వెడల్పు కొలిచే ప్రమాణం) పట్టాలు ఒక జత, పక్కన బిగించే చెవులు, యూజ్యూస్ పవర్ మాడ్యూల్, దాని కరెంటుని మిగతా మాడ్యూళ్లకు పంచే ఫ్లయింగ్ బస్ కేబుళ్లు, అడాప్టర్, స్క్రూలు. అంతే. 19 అంగుళాల ర్యాక్‌లో బిగించుకునేవాళ్లకు ఇది చాలు. చేత్తో పట్టుకుని ఊళ్లు తిరగాలంటే చుట్టూ చెక్క పెట్టె కట్టాల్సిందే.

మోసుకెళ్లేవాళ్లకు 84 మంచి కొలత. ఒక హెచ్‌పీ 5.08 మి.మీ. కాబట్టి మొత్తం 426.72. రెండు పక్కలా 12 మి.మీ. ప్లైవుడ్ వేసినా బయటి వెడల్పు 451 దాటదు, 55 సెం.మీ. క్యాబిన్ బ్యాగులో హాయిగా పడుతుంది. అదే చెక్కతో 104 హెచ్‌పీ కడితే 552 మి.మీ. అవుతుంది, ఆ రెండు మిల్లీమీటర్ల కోసం ఎయిర్‌పోర్టులో తగువు పడాలి. మన దేశీయ విమానాల్లో చేతిసంచికి మామూలుగా ఇచ్చేది 7 కిలోలే. అందుకే పక్కలకు మాత్రమే 12 మి.మీ. వాడి, అడుగుకీ మూతకీ 6 మి.మీ. సరిపెట్టాలి. ప్లైవుడ్ కొట్టుకెళ్తే నీటికి తట్టుకునే 710 మెరైన్ రకం అంటగడతారు. వంటింటి అలమరలకైతే సరే, దీనికి అంత బరువు దండగ.

పట్టాలు చేతికొచ్చాకే చెక్క కోయించండి. చెవులు తీసేసి పక్క చెక్కని నేరుగా పట్టా చివరకి బిగించవచ్చు. అయితే కిట్‌లో వచ్చే స్క్రూలు పల్చటి చెవులకు తగ్గ పొడవువి, 12 మి.మీ. చెక్క దాటి లోపలికి పట్టవు. ఒక స్క్రూ హార్డ్‌వేర్ కొట్టుకి పట్టుకెళ్లి, అదే మరలో దానికంటే 12 మి.మీ. ఎక్కువ పొడవున్నవి అడగండి. మర తేడా ఉన్నది బలవంతంగా తిప్పితే అల్యూమినియం అరిగిపోతుంది, ఆ పట్టా ఇక పనికిరాదు.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది రంధ్రాల దగ్గరే. మాడ్యూల్ ముందుపలక ఎత్తు 128.5 మి.మీ., పై స్క్రూకీ కింది స్క్రూకీ మధ్య 122.5. పలక రంధ్రాలు అడ్డంగా కోలగా ఉంటాయి కాబట్టి అటూ ఇటూ కొంచెం జరుగుతాయి, నిలువునా ఆ వెసులుబాటు లేదు. కాగితం మీది గీతని నమ్మి డ్రిల్ చేయకండి. ఎడమ చివర ఒక మాడ్యూల్, కుడి చివర ఒక మాడ్యూల్ వదులుగా బిగించి, పట్టాలు సమాంతరంగా నిలిచాక అప్పుడు చెక్క మీద గుర్తు పెట్టండి.

లోతుకి, మీ దగ్గరున్న అన్నిటికంటే లోతైన మాడ్యూల్ కొలిచి, దాని వెనక కరెంటు తెచ్చే రిబ్బన్ తీగ మలుపు కోసం 20 మి.మీ. కలపండి. మాడ్యూళ్లని ఒకదానితో ఒకటి కలిపే ప్యాచ్ తీగలు పీకకుండా మూత పడాలనుకుంటే పలక మీద 60 మి.మీ. ఖాళీ ఉంచండి.

ఇక పవర్. యూజ్యూస్ 4 హెచ్‌పీ తినేస్తుంది, మీకు మిగిలేవి 80. బూస్ట్ (ఎక్కువ కరెంటు ఇచ్చే) అడాప్టర్‌తో +12 వోల్టుల వైపు 2,000 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది, అటు దిగుల్లేదు. −12 వైపు 500 మాత్రమే. అనలాగ్ ఆసిలేటర్లు (స్వరం పుట్టించేవి), ఫిల్టర్లు (దాన్ని మలిచేవి) రెండు వైపులా దాదాపు సమానంగా లాగుతాయి కాబట్టి ముందు నిండేది ఈ మైనస్ గిన్నే. మాడ్యూళ్ల లెక్క కూడినప్పుడు −12 మొత్తం 400 దాటితే ఒకటి తగ్గించండి, ఆన్ చేసిన క్షణంలో లాగుడు ఇంకా ఎక్కువ. యూజ్యూస్ వెనక స్పాంజి కుక్కకండి, వేడి పోయే దారి కావాలి. అక్కడి చెక్కకి నాలుగు కన్నాలు పెట్టినా చాలు.

ఫ్లయింగ్ బస్ అంటే రిబ్బన్ తీగే, పెట్టెలో ఎటైనా వంగుతుంది, బోర్డు బరువు ఉండదు. దానికీ ఒక నష్టం ఉంది, సన్నటి తీగ కాబట్టి ఒక మాడ్యూల్ లాగుడు ఇంకోదాని స్వరాన్ని కదిలించవచ్చు. ఆక్టేవ్‌కి ఒక వోల్టు లెక్కలో (వోల్టు పెరిగితే స్వరం ఒక ఆక్టేవ్ పైకెళ్తుంది) ఒక సెంటు, అంటే ఆక్టేవ్‌లో 1,200వ వంతు, 0.83 మిల్లీవోల్టు. స్వరాలను వరసగా నడిపే సీక్వెన్సర్ లైట్లు వెలిగి ఆరినప్పుడల్లా గ్రౌండ్ తీగలో 5 మిల్లీవోల్టులు కదిలితే, ఆసిలేటర్ 6 సెంట్లు ఊగుతుంది. చెవికి తెలిసిపోతుంది. ఆసిలేటర్లన్నీ ఒక తీగ మీద యూజ్యూస్‌కి దగ్గరగా, లైట్లు ఎక్కువున్న డిజిటల్ మాడ్యూళ్లు రెండో తీగ మీద పెట్టుకోండి.

రిబ్బన్‌లో ఎర్ర గీత అంటే −12. తిరగేసి గుచ్చితే మాడ్యూల్ కాలిపోవచ్చు. ఏ మాడ్యూలూ పెట్టకముందే మల్టీమీటర్‌తో ఒకసారి చూడండి: 16 పిన్నుల్లో 1, 2 దగ్గర −12, 3 నుంచి 8 దాకా గ్రౌండ్, 9, 10 దగ్గర +12, 11, 12 దగ్గర +5 రావాలి.

ఒక్క వరస పెట్టెకి ఈ కిట్ నిక్షేపంగా కొనొచ్చు. రెండు వరసలు అనుకుంటే రెండు కిట్లు కొనకండి, చెవులు రెండు జతలూ వృథా, పైగా 8 హెచ్‌పీ పోతుంది. పట్టాలు విడిగా తెచ్చుకుని, −12 వైపు 1,200 మిల్లీ ఆంపియర్లు ఇచ్చే డోప్‌ఫర్ పీఎస్‌యూ3 లాంటి పవర్ సప్లై అడుగున బిగించుకోవడం మేలు.