మత్తయి చెప్పిన యేసు పుట్టుక, లూకా చెప్పిన యేసు పుట్టుక

క్రిస్మస్ బొమ్మల కొలువులో జ్ఞానులు, గొర్రెల కాపరులు ఒకే పాకలో పక్కపక్కనే ఉంటారు. యేసు జీవితం చెప్పే బైబిలు పుస్తకాలైన సువార్తల్లో మాత్రం వాళ్లు ఎదురుపడరు.

మత్తయిలో నక్షత్రం, జ్ఞానులు (ముగ్గురని ఎక్కడా లేదు), యూదుల రాజు హేరోదు, అతనికి భయపడి యేసు కుటుంబం ఐగుప్తుకు (ఈజిప్టుకు) పారిపోవడం. జ్ఞానులు వచ్చింది పాకలోకి కాదు, "ఇంటి"లోకి. లూకాలో జనాభా లెక్కలు, పశువుల తొట్టి, కాపరులు. ఆ తర్వాత దేవాలయంలో గువ్వల జత అర్పణ. గొర్రెపిల్లను కొనలేని పేదలకు యూదుల ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. నన్ను ఎక్కువగా కదిలించేది ఆ గువ్వలే. అక్కడి నుంచి లూకా యేసు కుటుంబాన్ని నేరుగా సొంతూరు నజరేతు పంపేస్తాడు, ఐగుప్తు ఊసే లేదు.

అసలు చిక్కు తేదీలది. మత్తయి ప్రకారం యేసు పుట్టింది హేరోదు బతికుండగా; లూకా ప్రకారం, సిరియాను పాలించిన రోమా అధికారి కురేనియ రాయించిన జనాభా లెక్కలప్పుడు. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. కురేనియ ఆ లెక్కలు రాయించింది క్రీ.శ. 6లో. దాదాపు పదేళ్ల తేడా! సర్దిచెప్పే వాదనలు ఉన్నాయి కానీ, నాకైతే అవి అతుకుల బొంతలాగే అనిపిస్తాయి.

మరి విశ్వాసం సంగతి? మరో సువార్త రచయిత మార్కు ఈ పుట్టుక కథ జోలికే పోకుండా సువార్త రాసేశాడు. మత్తయికి యేసు రాజులను భయపెట్టే కొత్త మోషే (ఐగుప్తు బానిసత్వం నుంచి ఇశ్రాయేలీయులను విడిపించిన నాయకుడు), లూకాకు పేదల మధ్య పుట్టిన రక్షకుడు. రెండింటినీ కలిపి కుట్టేస్తే ఆ తేడా కనపడదు. అందుకే నేను విడివిడిగానే చదువుతాను.