సన్న వాల్వు ట్యూబులు: మూడేళ్ళ వాడకం

మూడేళ్ళలో నా సైకిల్‌కి ఏడు ట్యూబులు పోయాయి. పోయినదాని మీదల్లా స్కెచ్ పెన్నుతో తారీఖు రాసి పెరట్లో మేకుకి తగిలిస్తాను. మా ఆవిడ వాటిని చూసినప్పుడల్లా "పాము కుబుసాల్లా ఉన్నాయి, తీసెయ్యండి" అంటుంది. వాటిలో ముళ్ళకి పోయినవి రెండే, అవీ ప్యాచ్ మీద ప్యాచ్ పడి ఇక చోటు లేక. మిగతా ఐదూ వాల్వు దగ్గర పోయాయి. ముల్లు చిల్లయితే సొల్యూషన్ రాసి అతికించుకోవచ్చు. వాల్వు మొదట్లో చీరితే అక్కడ ప్యాచ్ నిలవదు, ట్యూబు పారేయాల్సిందే.

నేను రాజమండ్రి నుంచి ధవళేశ్వరం మీదుగా కడియం వైపు ఒక నర్సరీకి లెక్కలు రాయడానికి వెళ్తాను. రానూపోనూ 20 కిలోమీటర్ల పైమాటే. హైబ్రిడ్ సైకిల్, 700x35 సైజు టైర్లు. కొన్నప్పుడు దానికి మోటార్‌సైకిల్ ట్యూబుకి ఉండేలాంటి లావు వాల్వులే ఉన్నాయి. అవి ముళ్ళకి పోయాక ఊళ్ళో ఆ సైజులో లావు వాల్వువి దొరకలేదు. షాపతను సన్న వాల్వు ట్యూబులు చేతిలో పెట్టి, "గాలి పట్టడమేగా సార్, ఏదైనా ఒకటే" అన్నాడు. ఒక్కోటి 350 రూపాయలు.

ఏదైనా ఒకటి కాదు. లావు వాల్వు మందం 8 మిల్లీమీటర్లు, సన్నదానిది 6. నా రిమ్ముకున్న చిల్లు లావుదాని కోసం వేసింది. సన్నది పెడితే చుట్టూ సందు మిగులుతుంది. గాలి గట్టిగా కొట్టినప్పుడు ట్యూబు ఆ సందులోకి ఉబ్బి వస్తుంది, చిల్లు అంచు దాన్ని రోజూ కొంచెం కొంచెంగా కోస్తుంది. ఆరు నెలల్లో రెండు ట్యూబులు ఇలాగే పోయాయి. రెండింటికీ వాల్వు మొదట్లో అర్ధచంద్రాకారంలో ఒకేలాంటి గాటు. మేకుకి పక్కపక్కన వేలాడుతుంటే చూస్తే గానీ నాకు అర్థం కాలేదు. ఆ సందు పూడ్చడానికి చిన్న రబ్బరు తొడుగు దొరుకుతుంది. అది వేశాక ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

మూడోది పూర్తిగా నా తప్పు. సన్న వాల్వు కొనలో సూదిలాంటి పిన్ను, దాని మీద బుల్లి నట్టు ఉంటాయి. నట్టు వదులు చేసి, పిన్నుని ఒకసారి నొక్కి, అప్పుడు గాలి కొట్టాలి. నా దగ్గరున్నది గొట్టం లేని చేతి పంపు, నేరుగా వాల్వుకే తగిలించి కొట్టాలి. కాలవ గట్టు మీద వర్షంలో కంగారుగా కొడుతుంటే పిన్ను వంగింది. వేళ్ళతో తిన్నగా చేద్దామనుకుంటే పుటుక్కున విరిగింది. నర్సరీ దాకా సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాను. "కొట్టేటప్పుడు పంపు ఊగిపోతుందండీ, పిన్నేం చేస్తుందండీ పాపం" అన్నాడు మా వీధి చివర పంచర్లేసే అబ్బాయి. ఇప్పుడు గొట్టం ఉన్న పంపే వాడుతున్నాను. పిన్ను భాగం మరతో ఊడివచ్చే రకం ట్యూబులు కూడా ఉన్నాయి. అలాంటిదైతే ఆ రోజు ట్యూబంతా పారేసే పని ఉండేది కాదు. కొనేటప్పుడు వాల్వు పైభాగంలో రెండు పక్కలా చదునుగా ఉందేమో చూడండి, ఉంటే అది ఊడివచ్చే రకం.

నాలుగోది వాల్వుని రిమ్ముకి పట్టి ఉంచే చిన్న నట్టుని కటింగ్ ప్లయర్‌తో బిగించినందుకు పోయింది. ఆ నట్టు వాల్వు ఊగకుండా ఉండడానికే, వేళ్ళతో తిప్పితే చాలు. బలంగా బిగిస్తే ఇత్తడి గొట్టాన్ని రబ్బరులోంచి పైకి లాగేస్తుంది. ఐదోది ఎండాకాలం బద్ధకం. నెల రోజులు గాలి చూడలేదు. గాలి తక్కువైతే బ్రేకు వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద జరుగుతుంది, దాంతోపాటు లోపల ట్యూబూ జరుగుతుంది, వాల్వు మాత్రం చిల్లులో ఇరుక్కుని ఉంటుంది. వాల్వు ఒక పక్కకి వాలి కనిపిస్తే చీరడానికి సిద్ధంగా ఉన్నట్టే. గాలి తీసి, టైరు సర్ది, వాల్వుని నిటారుగా నిలబెట్టుకోవాలి. నేను వాలడం చూశాను, రేపు చేద్దామనుకున్నాను.

ఇంతకీ సరుకు మంచిదా కాదా అంటే, వాల్వు వాల్వుగా గట్టిదే, గాలి బాగా నిలుపుతుంది, కానీ మొరటు చెయ్యి పడితే ఊరుకోదు. ఐదుకి మూడు మార్కులు వేస్తాను, సగం నేరం నాదే కాబట్టి.

మా అమ్మాయి స్కూలు సైకిల్‌కి లావు వాల్వులు. నాలుగేళ్ళలో ఒక్కసారి గాలి దిగింది. వాల్వు మీద ఉమ్ము రాసి చూస్తే బుడగ వచ్చింది, మూత పారేసుకోవడంతో లోపల ఇసక చేరింది. పిన్ను మార్చడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఏ పెట్రోలు బంకులోనైనా గాలి పడుతుంది, అదొక సుఖం.

ఇక మా నాన్నగారి పాత సైకిల్ సంగతి వేరు. దాని వాల్వులో స్ప్రింగూ లేదు, సూదీ లేదు. చిన్న ఇత్తడి పుల్ల, దానికి తొడిగిన సన్నని రబ్బరు వాల్ ట్యూబు, అంతే. లోపలికి పోయే గాలి రబ్బరుని తోసుకుని వెళ్తుంది, వెనక్కి రాబోతే అదే రబ్బరు అంటుకుపోయి ఆపుతుంది. అందుకే దానికి పంపు కొట్టాలంటే బలం కావాలి. మే నెల ఎండకి రబ్బరు జిగురుగా తయారై పగులుతుంది. అప్పుడు కొత్త ముక్క తొడుక్కోవాలి, రెండు రూపాయల పని. మా చిన్నప్పుడు సినిమా హాలు స్టాండులో ఈ వాల్వులు పీక్కుపోయేవాళ్ళు ఉండేవారు, ఆట వదిలాక సైకిళ్ళన్నీ చతికిలబడి ఉండేవి. ఆ సైకిల్‌కి టైర్లు రెండుసార్లు మారాయి గానీ వాల్వు మొదలు ఎప్పుడూ చీరలేదు.

కొనేటప్పుడు డబ్బా మీద అక్షరాలు చూసుకోండి. ఎఫ్‌వి అని ఉంటే సన్నది, ఏవి అంటే లావుది, డివి అంటే మా నాన్నగారి రకం. 1888లో గాలి టైరుకి పేటెంటు తీసుకున్న డన్లప్ పేరు మీద అది డివి అయింది. పక్కన 48 అనో 60 అనో ఉండేది వాల్వు పొడవు, మిల్లీమీటర్లలో. రిమ్ము లోతుగా ఉంటే పొట్టి వాల్వు పైకి రాదు, పంపుకి పట్టు దొరకదు.

ప్రస్తుతం బరువంతా పడే వెనక చక్రానికి మళ్ళీ లావుదే తెప్పించి వేశాను, పదహారు నెలలైంది. ముందుదానికి రబ్బరు తొడుగుతో సన్నదే నడుస్తోంది. దారికి మాత్రం సన్నదే ఒకటి వెంట ఉంచుకుంటాను. తొడుగు ఉంటే అది ఏ రిమ్ములోనైనా పడుతుంది, లావుది సన్న చిల్లులో దూరదు. సీటు కింద సంచిలో ఉంది అది, పౌడరు రాసి, వాల్వు కొన ట్యూబుకి గుచ్చుకోకుండా మూత పెట్టి, మా అమ్మాయి పాత సాక్సులో దూర్చి.