కేవై-038 సౌండ్ సెన్సార్: ఫ్లాష్ కొట్టించడానికి పనికొస్తుందా?

పర్లాకిమిడిలో ఏ పెళ్లి స్టూడియో అటక దించినా ఒకటో రెండో పాత ఫ్లాష్‌లు దొరుకుతాయి. చప్పుడు వినగానే సిగ్నల్ ఇచ్చే ఈ బుల్లి బోర్డును వాటికి తగిలిస్తే కొబ్బరికాయ పగిలే క్షణాన్ని ఫొటోలో పట్టుకోవచ్చు. బోర్డు 100 రూపాయల లోపే, ఆ సిగ్నల్ అందుకుని ఫ్లాష్ కొట్టించే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు ఆర్డునో నానో ఖర్చు వేరే. మార్కులు వెయ్యమంటే 5కి మూడున్నర.

ముందు ఒక అపోహ తీసేయాలి. కదలికను ఆపేది సెన్సార్ కాదు, షట్టరూ కాదు, ఫ్లాషే. చీకటి గదిలో షట్టర్ 2 సెకన్లు తెరిచే ఉంటుంది, మెరుపు ఉన్నంతసేపు కనిపించిందే బొమ్మవుతుంది. మామూలు స్పీడ్‌లైట్‌ను (కెమెరా మీద తగిలించే ఫ్లాష్) ఫుల్ పవర్‌లో కొడితే ఆ మెరుపు సెకనులో వెయ్యో వంతో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. పవర్ 1/128కి దించితే సెకనులో 1/20,000 వంతు దరిదాపులకు వస్తుంది. వెలుగు చాలదు కాబట్టి ఫ్లాష్‌ను కాయకు అర మీటరు దగ్గరికి జరిపి ఎఫ్8, ఐఎస్ఓ 800 పెట్టాలి. స్టూడియోలోని పెద్ద లైట్లు ఇందుకు నప్పవు, పాత రకాల్లో చాలావాటికి పవర్ తగ్గించేకొద్దీ మెరుపు సాగుతుంది. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ సింక్) మోడ్ పేరులో స్పీడ్ ఉందని మురిసిపోవద్దు, అది మెరుపును ముక్కలుగా చేసి సాగదీస్తుంది. ఆపేయండి. ఫ్లాష్‌కున్న ఆటో స్లీప్ కూడా.

వైరింగ్ కష్టమేమీ కాదు. బోర్డు డీ0 పిన్ను నానో డీ2కి, నానో డీ3 నుంచి 220 ఓమ్ రెసిస్టర్ మీదుగా ఆప్టోకప్లర్ (రెండు సర్క్యూట్లను కలపకుండా వెలుగుతో స్విచ్ వేసే చిప్పు) 1వ కాలికి, 2వ కాలు గ్రౌండ్‌కి. ఏ ఆప్టోకప్లర్ అన్నదే అసలు ప్రశ్న. ఫ్లాష్ ఆన్ చేసి, ఛార్జ్ అయ్యాక సింక్ కాంటాక్టుల (ఫ్లాష్‌ను కొట్టించే రెండు లోహపు కొసల) మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. కొత్తవాటిలో అయిదారు వోల్టులు, పాతవాటిలో 200 పైన కూడా కనిపిస్తాయి. 4ఎన్35 అనే ఆప్టోకప్లర్‌లోని ట్రాన్సిస్టర్ 30 వోల్టుల వరకే తట్టుకుంటుంది, పాత ఫ్లాష్ తగిలిస్తే మాడిపోతుంది. పాత ఫ్లాష్‌కు 400 వోల్టులు ఓర్చుకునే ఎంఓసీ3021 కావాలి. అలాగని అన్నింటికీ అదే వాడితే కొన్ని కొత్త ఫ్లాష్‌లు ఒకసారి కొట్టి మొండికేస్తాయి, దాని లోపలి ట్రయాక్ అనే స్విచ్ ఆన్‌లోనే అతుక్కుపోవడం వల్ల.

ఇక బోర్డు లోపాలు. ఆన్‌లో ఉన్నంతసేపూ దాని మీద ఒక చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది. 2 సెకన్ల ఎక్స్‌పోజర్లో అది ఫొటో మూలన ఎర్రటి మచ్చయి కూర్చుంటుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించాలి, నానో మీది లైట్లకూ అంతే. సున్నితత్వం సరిచేసే నీలం రంగు ట్రిమ్మర్ స్క్రూ చుట్టూ చుట్టూ తిరుగుతుంది. చప్పుడు పట్టిందని చెప్పే రెండో లైటు వెలిగేదాకా తిప్పి, ఆరిపోయేదాకా వెనక్కి తెచ్చి, ఇంకో పావు చుట్టు వేస్తే చాలు. మరీ సున్నితంగా పెడితే సీలింగ్ ఫ్యాన్ గాలికే ఫ్లాష్ కొట్టేస్తుంది. వీధిలో పెళ్లి బ్యాండు వెళ్తుంటే ఆ రాత్రికి పని కట్టేసుకోవడమే. ఒకే చప్పుడుకు రెండు మూడుసార్లు కొట్టకుండా ప్రోగ్రాంలో 3 సెకన్ల విరామం తప్పనిసరి. పవర్ బ్యాంకుతో నడపొద్దు, ఈ బోర్డు తీసుకునే కరెంటు మరీ తక్కువ కావడంతో చాలా పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. పాత మొబైల్ ఛార్జర్ మేలు.

నీటి చుక్కలకు ఇది పనికిరాదు. చుక్క పడిన చప్పుడు దీనికి వినబడదు. అక్కడ ఇన్‌ఫ్రారెడ్ కిరణం, ఫొటో ట్రాన్సిస్టర్ కావాలి. ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి రెసిస్టెన్స్ మారే సెన్సార్) మాత్రం వద్దు, అది మందకొడి.

కొబ్బరికాయ దగ్గర మాత్రం బోర్డు తన విలువ చూపిస్తుంది. ఇక్కడి 30 డిగ్రీల రాత్రుల్లో ధ్వని మిల్లీ సెకనుకు సుమారు 35 సెంటీమీటర్లు పోతుంది. మైకును రాతికి 35 సెంటీమీటర్ల దూరంలో వేలాడదీస్తే 1 మిల్లీ సెకను ఆలస్యం ఊరికే వచ్చేసినట్టే. అది చాలదు. అప్పటికి కాయ మీద వెంట్రుకంత బీట తప్ప ఏమీ ఉండదు. నీళ్లు సెకనుకు 2 మీటర్ల వేగంతో చిమ్మినా 10 మిల్లీ సెకన్లకు 2 సెంటీమీటర్లే. ప్రోగ్రాంలో ఆలస్యాన్ని 5 మిల్లీ సెకన్లతో మొదలెట్టి 10, 15 దాకా పెంచుతూ చూడండి. ఆర్డునోలోని డిలే మైక్రోసెకండ్స్ ఆదేశం 16,383 మైక్రోసెకన్లు (సుమారు 16 మిల్లీ సెకన్లు) దాటితే లెక్క తప్పుతుంది, ఆపైన మామూలు డిలే వాడాలి. ఫ్రేముకో కాయ ఖర్చు (వారం రోజులు ఇంట్లో కొబ్బరి పచ్చడే), కాబట్టి చప్పట్లతోనో, గరిటె కింద పడేసో ముందు అంతా సరిచూసుకోవాలి. కొట్టేవాళ్లు వెలుతురులో నాలుగైదుసార్లు ఉత్తుత్తిగా కొట్టి చెయ్యి అలవాటు చేసుకోకపోతే చీకట్లో వేళ్లు నలుగుతాయి. ఫ్లాష్‌కు పల్చటి పాలిథీన్ సంచి, లెన్స్‌కు ఫిల్టర్ తొడిగి ఉంచండి. కొబ్బరినీళ్లు ఎండితే జిగురు, తుడిచినా ఒక పట్టాన వదలదు.